వాడిన పూల్ టేబుల్‌కు న్యాయమైన ధర కుదుర్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అమ్మేవారు చెప్పిన ధర న్యాయమైనదో కాదో తేల్చుకోవడానికి లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ గదిలోంచి మొదలుపెట్టి వెనక్కి రావాలి. పూల్ టేబుల్‌ను, అంటే కర్రతో బంతులను కొట్టి అంచున ఉన్న పాకెట్లు అనే రంధ్రాల్లో వేసే ఆట బల్లను, కుర్చీలాగా ఎత్తి తెచ్చుకోలేము. దానిని ముక్కలుగా విప్పాలి, రాతి పలకలను జాగ్రత్తగా మోయాలి, కొత్త చోట చట్రం నిలబెట్టి పలకలను మట్టానికి తేవాలి, అతుకులు పూడ్చి, సాధారణంగా కొత్త గుడ్డ పరిచి, చివరగా అంచులను బిగించాలి. ఈ పనులన్నీ తెలిసినవారు చేయవలసినవి కాబట్టి వారి కూలి చిన్నది కాదు. చవకగా దొరికిన టేబుల్ విషయంలో ఆ కూలి టేబుల్ ధరనే మించిపోవడం మామూలే. అందుచేత బేరానికి వెళ్లేముందే అటువంటి పనివారిని ఒకరిని సంప్రదించి, విప్పడం నుంచి మట్టం చేయడం వరకు ఎంత అవుతుందో, గుడ్డకు ఎంత, అవసరమైతే అంచుల్లోని రబ్బరుకు ఎంత అవుతుందో విడివిడిగా తెలుసుకోవాలి.

పద్ధతి అర్థం కావడానికి కొన్ని ఊహాత్మక అంకెలు తీసుకుందాము. అదే తరగతి కొత్త టేబుల్ మీ గదిలో బిగించి ఇచ్చేసరికి 100 వంతులు అవుతుందనుకోండి. పాత టేబుల్‌ను తరలించి బిగించడానికి 22, గుడ్డకు 13 అయితే, మిగిలినవి 65. అయితే ఆ 65 పాత టేబుల్ ధర కాదు. కొత్తదానికి హామీ ఉంటుంది, ఏ భాగమూ అరిగి ఉండదు, రంగూ నమూనా మీరే ఎంచుకోవచ్చు. ఇవేవీ పాతదానితో రావు. వీటికి బదులుగా ఒక 20 తీసివేయడం అన్యాయం కాదు. అంటే 45 మీ గరిష్ఠ పరిమితి. అమ్మేవారు 60 అడుగుతుంటే ఆ 15 తేడా ఎందుకు వచ్చిందో మాట్లాడుకోవడమే బేరం. చాలాసార్లు వారు తరలింపు ఖర్చును లెక్కలోకి తీసుకోనే లేదని తేలుతుంది.

ఇతరులు ఎంతకు అమ్ముతున్నారో చూసి ధర నిర్ణయించుకోవచ్చా?

చూడవచ్చు, కానీ ప్రకటనలో రాసిన ధర అడిగిన ధర మాత్రమే, తెగిన ధర కాదు. నెలల తరబడి అలాగే ఉన్న ప్రకటన ఆ ధరకు ఎవరూ కొనలేదనే విషయాన్నే చెబుతుంది. రెండు టేబుళ్లను పోల్చేటప్పుడు కొలత, రాతి మందం, పలక ఒకటా మూడా అన్నవి సరిపోలాలి. బిగింపు ఖర్చు ధరలో కలిసి ఉందో లేదో తప్పక చూడాలి. దుకాణంవారు అమ్మే పాత టేబుల్ ధరలో బిగింపు, కొత్త గుడ్డ, కొంతకాలం హామీ కలిసి ఉండవచ్చు. ఆ ధరను ఒక ఇంట్లో ఉన్నదాన్ని ఉన్నట్టు అమ్మేవారి ధరతో పోల్చడం ఇద్దరికీ తప్పుదారి చూపిస్తుంది.

గుడ్డ కింద ఉన్నది నిజమైన రాయేనా అని ఎలా తెలుసుకోవాలి? దానికి అంత ప్రాముఖ్యం ఎందుకు?

నా అభిప్రాయంలో ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికేవరకు ధర మాటే ఎత్తకూడదు. మంచి పూల్ టేబుల్‌లో ఆట జరిగే ఉపరితలం స్లేట్ అనే రాయి. దానిని యంత్రంతో చదును చేస్తారు. సరిగా ఆనించి ఉంచితే అది దశాబ్దాలు గడిచినా వంగదు, తేమను పీల్చి ఉబ్బదు. గుడ్డ, రబ్బరు, పాకెట్ల తోలు అన్నీ మార్చుకోగలిగినవే. చౌక టేబుళ్లలో రాయికి బదులు చెక్క నారను అదిమి చేసిన ఎం.డి.ఎఫ్. పలకో, చెక్కపొట్టు పలకో, తేనెపట్టు అల్లికగల తేలికైన పలకో వాడతారు. కొన్నింటికి స్లేట్‌ను పోలిన ధ్వని గల వ్యాపార నామాలు కూడా పెట్టారు కాబట్టి అమ్మేవారు మోసం చేసే ఉద్దేశం లేకుండానే, తమది రాతి టేబుల్ అని నమ్మి చెప్పవచ్చు. ఇటువంటి పలక తేమకు ఒకసారి ఉబ్బినా, నడుమ కుంగినా మళ్లీ నిఖార్సైన మట్టానికి రాదు. దానికి తరలింపు ఖర్చు పెట్టడం చాలా సందర్భాల్లో దండగే.

పరీక్ష కష్టమైనది కాదు. టార్చి వేసి టేబుల్ కిందికి చూడండి. చట్రానికీ ఆట ఉపరితలానికీ మధ్య రాతి అంచు కనబడే చోట్లు సాధారణంగా ఉంటాయి. పాకెట్ల దగ్గర కింది నుంచి చూస్తే బూడిద రంగు రాయి కనిపిస్తుంది, ముట్టుకుంటే చల్లగా ఉంటుంది. మూడు పలకల టేబుల్ అయితే అడ్డంగా రెండు అతుకుల గీతలు ఉంటాయి. మందం ముప్పావు అంగుళమా, ఒక అంగుళమా అని కొలవండి. చాలా పలకల అడుగున గుడ్డను పిన్నులతో కొట్టడానికి వీలుగా చెక్క అంటించి ఉంటుంది; రాతి మందంతో చెక్క మందాన్ని కలిపి చెప్పడం వల్ల అపార్థాలు వస్తాయి కాబట్టి రాయిని మాత్రమే కొలవాలి. బరువు కూడా సాక్ష్యమే: ఒక అంగుళం మందం గల రాతి పలకలతో ఉన్న 8 అడుగుల టేబుల్ మొత్తం బరువు సుమారు 350 నుంచి 450 కిలోల వరకు ఉంటుంది. ఇద్దరు మనుషులు దానిని పక్కకు జరిపి ఊడ్చేవాళ్లమని ఎవరైనా చెబితే లోపల ఉన్నది రాయి కాకపోవచ్చు.

ఒకే పలక మంచిదా, మూడు పలకలు మంచివా? ధరలో తేడా ఉండాలా?

నాణేలు వేసి ఆడే 7 అడుగుల టేబుళ్లలో ఎక్కువగా ఒకే పలక ఉంటుంది. అతుకులు లేవు కాబట్టి మట్టం చేయడం తేలిక, కానీ ఆ పలకను మెట్ల మీదుగా, ఇరుకు మలుపుల్లో తీసుకుపోవడం చాలా కష్టం. అవి వ్యాపారస్థలాల్లో విపరీతంగా వాడబడి ఉంటాయన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. మూడు పలకలను విడివిడిగా మోయవచ్చు, అతుకుల దగ్గర ఒకే ఎత్తుకు తెచ్చి మైనంతోనో తగిన పూతతోనో పూడుస్తారు. బాగా బిగిస్తే ఆటలో తేడా తెలియదు. మీ ఇంటి దారి ఏది అనుమతిస్తుందన్నదే ఇక్కడ ధరను మారుస్తుంది.

చూడటానికి వెళ్లినప్పుడు ఏయే పరీక్షలు చేయాలి? వాటిని ధరలోకి ఎలా మార్చాలి?

అన్నింటికంటే ముందు రబ్బరు. టేబుల్ చుట్టూ ఆరు అంచుల్లోనూ గుడ్డ కింద రబ్బరు కుషన్ ఉంటుంది. వయసుతోపాటు కొన్ని రకాల రబ్బరు గట్టిపడి ఎగురుదలను కోల్పోతుంది, కొన్ని పెళుసై ముక్కలవుతాయి. బంతిని ఒక చివర నుంచి నిటారుగా గట్టిగా కొట్టి ఎన్నిసార్లు టేబుల్ పొడవును దాటుతుందో లెక్కించండి. నాలుగు, నాలుగున్నర పొడవులు తిరిగితే రబ్బరు బాగున్నట్టే. తరువాత ప్రతి అంచులోనూ నాలుగైదు చోట్ల బంతిని ఒకే వేగంతో తాకించి శబ్దం వినండి. ఒక్కచోట మాత్రమే డొల్లగా, మొద్దుగా శబ్దం వస్తే అక్కడ బోల్టు వదులై ఉండవచ్చు లేదా రబ్బరు చెక్కనుంచి ఊడి ఉండవచ్చు. అది చిన్న మరమ్మతు. అన్ని అంచులూ మొద్దుబారితే ఆరు కుషన్లూ మార్చాలి, వాటితోపాటు గుడ్డ కూడా మార్చాలి. ఈ ఖర్చును పూర్తిగా ధరలోంచి తీసివేయమని అడగడం సమంజసమే, ఎందుకంటే రబ్బరు పోయిన టేబుల్ మీద ఎవరూ సరిగా ఆడలేరు. ఎవరైనా ఇదివరకే రబ్బరు మార్చి ఉంటే దాని ఎత్తు కొలవండి: పూల్ బంతి వ్యాసం రెండుంబావు అంగుళాలు, అంటే సుమారు 57 మిల్లీమీటర్లు, కుషన్ ముక్కు పలక మీదినుంచి ఆ వ్యాసంలో సుమారు 63 శాతం ఎత్తున, అంటే 36 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. తప్పు రకం రబ్బరు అంటిస్తే బంతి అంచుకు తగలగానే ఎగురుతుంది.

ఆ తరువాత అంచుల చెక్క కింద చేయి పెట్టి చూడండి. బోల్టులు పట్టే మరలు అరిగిపోయాయా, చెక్క చీలిందా, చెద పట్టిన ఆనవాళ్లున్నాయా, నీరు తగిలిన మచ్చలున్నాయా అన్నది అక్కడే తెలుస్తుంది. చట్రం కూడా చూడాలి: ఒక మూలన తుంటితో మెల్లగా నెట్టినప్పుడు టేబుల్ ఊగకూడదు. రాతి పలకల మీద, ముఖ్యంగా బోల్టు రంధ్రాల దగ్గర పగుళ్లు ఉన్నాయేమో కింది నుంచి చూడాలి. పలక అంచున చిన్న పెచ్చు ఊడితే పూడ్చుకోవచ్చు. పలక అడ్డంగా పగిలి ఉంటే మాత్రం తగ్గింపు అడగడంకంటే ఆ టేబుల్‌ను వదిలేయడమే మంచిదని నేను గట్టిగా చెబుతాను. అదే కొలత, అదే మందం, అవే రంధ్రాలు గల పలక విడిగా దొరకడం అరుదు.

పాకెట్ల తోలు ఎండిపోవడం, పక్క చెక్క మీద గీతలు, పాలిష్ పోవడం వంటివి ఆటకు సంబంధించినవి కావు. వీటి పేరు చెప్పి పెద్ద తగ్గింపు అడిగితే అసలు లోపాల గురించి మీరు చెప్పే మాటకు విలువ తగ్గుతుంది.

బంతి ఒక పక్కకు జారిపోతోంది. ఇది పెద్ద లోపమా?

సాధారణంగా కాదు. టేబుల్ మట్టం తప్పితే బంతి వాలుతుంది. మీ ఇంట్లో ఎలాగూ మళ్లీ మట్టం చేస్తారు కాబట్టి దీనికి తగ్గింపు అడగడం న్యాయం కాదు. అయితే బంతి ఒక దిక్కుకు కాకుండా నడుమకు పోతున్నా, అతుకు దగ్గర చిన్నగా ఎగిరినా రసమట్టం పెట్టి చూడండి. రాతి టేబుల్‌లో అతుకు ఎగుడుదిగుడు సరిచేయవచ్చు. రాయి కాని పలక కుంగితే అది పోని లోపమే.

గుడ్డ ఇంకా బాగానే ఉంది, దాన్నే వాడుకోవచ్చని అమ్మేవారు అంటున్నారు. దానికి విలువ కట్టాలా?

టేబుల్ విప్పాలంటే గుడ్డను తీయక తప్పదు. పిన్నులతో కొట్టిన గుడ్డ, అదీ ఏడాదో రెండేళ్లో వాడినది అయితే, జాగ్రత్తగా తీసి మళ్లీ సాగదీసి కొట్టే అవకాశం ఉంటుంది. జిగురుతో అంటించినది సాధారణంగా పనికిరాదు. తిరిగి వేసిన గుడ్డ మునుపటంత బిగువుగా కూర్చోదు, పాత మచ్చలూ మడతలూ వేరే చోటికి జరుగుతాయి. కాబట్టి గుడ్డ బాగుందన్న మాటను ధర పెంచడానికి కారణంగా ఒప్పుకోకండి. చిరిగిందన్న మాటను మీరు కూడా ధర తగ్గించడానికి మరీ గట్టిగా వాడకండి, ఎందుకంటే కొత్త గుడ్డ ఖర్చు మీ మొదటి లెక్కలో ఇప్పటికే ఉంది. అదే ఖర్చును రెండుసార్లు తీసివేయడం కొనేవారు తరచుగా చేసే పొరపాటు.

టేబుల్ కొలత ధర మీద ఎలా పనిచేస్తుంది?

పెద్దది కాబట్టి ఎక్కువ ధర అనుకోవడం సహజం, కానీ పాత టేబుళ్ల విషయంలో అది ఎల్లప్పుడూ నిజం కాదు. ఆట ఉపరితలం పొడవు వెడల్పుకు రెట్టింపు ఉంటుంది: 9 అడుగుల టేబుల్‌కు 100 అంగుళాలకు 50, 8 అడుగులదానికి 88కి 44. చుట్టూ నిలబడి 58 అంగుళాల క్యూతో, అంటే బంతిని కొట్టే కర్రతో, ఆడాలంటే ఒక్కొక్క వైపు ఆ పొడవు కలపాలి. అంటే 8 అడుగుల టేబుల్‌కు కనీసం 17 అడుగులకు 13 అడుగుల 4 అంగుళాల గది, 9 అడుగులదానికి 18 అడుగులకు 13 అడుగుల 10 అంగుళాల గది కావాలి. చేయి వెనక్కి లాగడానికి మరికొన్ని అంగుళాలు ఉంటే మేలు. అంత గది ఉన్న ఇళ్లు తక్కువ కాబట్టి పోటీలకు వాడే 9 అడుగుల టేబుల్‌కు కొనేవారు కూడా తక్కువ. మీకు గది ఉంటే ఇది మీకు అనుకూలమైన విషయం. అలాగని గది సరిపోని టేబుల్‌ను చవకగా వస్తోందని కొంటే, ప్రతి ఆటలోనూ గోడ అడ్డు తగులుతుంది.

విప్పి గోడౌన్‌లో పెట్టిన టేబుల్‌కు ఎంత తక్కువ ఇవ్వాలి?

బాగా తక్కువ. విప్పడం ఖర్చు మీకు తప్పిన మాట నిజమే, కానీ రబ్బరును పరీక్షించలేరు, చట్రం ఊగుతుందో లేదో తెలియదు, బోల్టులూ పాకెట్లను పట్టి ఉంచే ఇనుప భాగాలూ అన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోవాలి. మరోవైపు రాయిని మాత్రం గుడ్డ లేకుండా నేరుగా చూడగలుగుతారు, ఆ అవకాశాన్ని పూర్తిగా వాడుకోండి: మూడు పలకలూ ఒకే జతవా, వాటి మీద వరుస చెప్పే గుర్తులున్నాయా, అంచులు దెబ్బతిన్నాయా అని చూడండి. పలకలు సరైన ఆధారం లేకుండా పడుకోబెట్టి ఉంటే, వాటి మీద వేరే బరువులు పెట్టి ఉంటే పగులు వెతకకుండా వదలవద్దు.

పేరున్న కంపెనీ టేబుల్ అంటున్నారు. పేరుకు ఎంత విలువ కట్టవచ్చు?

పేరు వల్ల రెండు లాభాలున్నాయి: నమూనాను కచ్చితంగా గుర్తించవచ్చు, విడిభాగాలు దొరకవచ్చు. 1845లో మొదలైన బ్రన్స్‌విక్ వంటి సంస్థ తయారుచేసిన గోల్డ్ క్రౌన్ నమూనా 1961 నుంచి వస్తోంది కాబట్టి దానిని విప్పి బిగించడం తెలిసినవారు చాలామంది. అలాగని పేరును చూసి రాయిని చూడటం మానవద్దు, పేరున్న కంపెనీలు కూడా ఇళ్లకోసం రాయి లేని చౌక టేబుళ్లను విక్రయించాయి. వంద ఏళ్ల నాటి చెక్కడపు టేబుల్ అయితే అది వేరే బేరం. అక్కడ మరమ్మతు ఎంత నైపుణ్యంతో జరిగిందన్నదే ధరను నిర్ణయిస్తుంది. ఆ కాలపు టేబుళ్ల అంచుల్లో పొదిగిన గుర్తులు ఏనుగు దంతంవి అయ్యే అవకాశం ఉంది, వాటి అమ్మకం మీద అనేక దేశాల్లో ఆంక్షలున్నాయి కాబట్టి ముందే తేల్చుకోవాలి.

క్యూలు, బంతులు, దీపం, కవరు అన్నీ ఇస్తామంటున్నారు. వాటికి కలిపి ఎక్కువ ఇవ్వాలా?

వాటిని కొసరుగానే చూడండి. వంగిన క్యూలు, అరిగిన క్యూ కొనలు, రంగు మాసిన బంతులు మీరు ఎలాగూ మారుస్తారు. ఫినాలిక్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన బంతుల సెట్టు పగుళ్లు లేకుండా ఉంటే దానికి మాత్రం విలువ ఉంది.

బేరం మాట ఎలా ఎత్తాలి? మొదట ధర ఎవరు చెప్పాలి?

ప్రకటనలో ధర ఉంటే అమ్మేవారు ఇదివరకే చెప్పినట్టు. మీరు ఫోన్‌లోనే తక్కువ ధర చెప్పడం మర్యాద కాదు, ప్రయోజనమూ లేదు. చూడని వస్తువుకు చెప్పిన ధరకు ఆధారం ఉండదు. ఫోన్‌లో వాస్తవాలు మాత్రమే అడగండి: రాయి మందం, కొలత, ఎప్పుడు కొన్నారు, గుడ్డ ఎప్పుడు మార్చారు, ఏ అంతస్తులో ఉంది, దారిలో ఎన్ని మెట్లున్నాయి. వెళ్లి చూశాక, పరీక్షలన్నీ వారి ఎదుటే చేశాక, కాగితం మీద లెక్క వేసి చూపించండి. “అండీ, టేబుల్ నాకు నచ్చింది. రాయి బాగుంది. కానీ రెండు అంచుల్లో రబ్బరు పోయింది, మీరూ విన్నారు కదా. బిగించేవారు రబ్బరుకు ఇంత, తరలింపుకు ఇంత అన్నారు. ఇవి తీసేస్తే నేను ఇంత ఇవ్వగలను” అని చెప్పడంలో దాపరికం ఏమీ లేదు. ఈ మాటకు ఎదురు చెప్పాలంటే అమ్మేవారు కూడా లెక్కతోనే చెప్పాలి, అప్పుడు సంభాషణ పట్టుదలల మీద కాకుండా టేబుల్ మీదే నిలుస్తుంది.

మొదట చెప్పే ధర మీ పరిమితికంటే కొంత తక్కువ ఉండవచ్చు, ఎందుకంటే అవతలివారికి కూడా ఒక మెట్టు పైకి తెచ్చిన తృప్తి కావాలి. అయితే అది మీరే సమర్థించుకోలేనంత తక్కువ కాకూడదు. ఆ టేబుల్ మీద పిల్లలు ఆట నేర్చుకున్న ఇల్లు అది కావచ్చు, దానిని హేళన చేసినట్టు మాట్లాడితే సరైన ధర చెప్పినా ఇవ్వబుద్ధి కాదు. లోపాన్ని లోపంగా చెప్పండి, బాగున్నదాన్ని బాగుందని ఒప్పుకోండి. ధర మీద ఒప్పందం కుదరకపోతే ధర కాని అంశాలు వెతకండి: విప్పే కూలి వారు భరించడం, మీకు వీలైన రోజు వరకు టేబుల్‌ను అక్కడే ఉంచడం, మోయడానికి ఇద్దరు మనుషుల సాయం.

అమ్మేవారు త్వరలో ఇల్లు ఖాళీ చేయాలి. ఆ తొందరను వాడుకోవచ్చా?

తొందరకు ఒక ధర ఉంది, అది నిజాయితీగానే లెక్కలోకి వస్తుంది. చెప్పిన రోజుకు మనుషులతో వచ్చి గది ఖాళీ చేసి ఇస్తానని మీరు హామీ ఇస్తే, వారికి తప్పే ఇబ్బందికి బదులుగా కొంత తగ్గింపు అడగవచ్చు. ఒప్పుకున్న ధరను చివరిరోజు, వారికి వేరే దారి లేని సమయంలో మళ్లీ తగ్గించమనడం మాత్రం చేయకూడని పని.

ఉచితంగా తీసుకుపొమ్మంటే?

రాయి ఉండి, పగుళ్లు లేకుండా, చట్రం గట్టిగా ఉంటే సంతోషంగా తీసుకోండి. కాకపోతే పైన చెప్పిన ఖర్చంతా మీదే, చివరికి దానిని వదిలించుకునే ఖర్చు కూడా మీదే.

నేనే అమ్ముతున్నాను. న్యాయమైన ధర రావాలంటే ఏం చేయాలి?

విప్పకముందే అమ్మకానికి పెట్టండి, కొనేవారు ఆడి చూస్తేనే ధర వస్తుంది. కింది నుంచి రాతి అంచును, మందం కొలిచే టేపును, నమూనా పేరున్న ఫలకాన్ని ఫొటోలు తీయండి. మీరు కొన్నప్పుడు ఇచ్చిన మొత్తాన్ని ఆధారంగా తీసుకోకండి. అందులో బిగింపు ఖర్చు కూడా ఉండేది, అది మీ ఇంట్లోనే ఖర్చయిపోయింది. తెలిసిన లోపాన్ని ముందే చెబితే కొనేవారు మిగతా మాటలను నమ్ముతారు. అమ్మకం కోసమే కొత్త గుడ్డ వేయించకండి, టేబుల్ కదిలినప్పుడు అది పోతుంది కాబట్టి ఆ డబ్బు తిరిగి రాదు.

డబ్బు ఎప్పుడు ఇవ్వాలి? విప్పేటప్పుడు పలక పగిలితే ఎవరిది నష్టం?

ధర కుదిరిన రోజు చిన్న బయానా ఇచ్చి, మిగతాది విప్పే రోజు ఇవ్వడం ఇద్దరికీ క్షేమం. గుడ్డ తీశాక మొదటిసారి రాతి పై ముఖం కనబడుతుంది. అప్పటివరకు దాగిన పాత పగులు బయటపడితే బయానా తిరిగి ఇవ్వాలనీ, లేదా ధర మళ్లీ మాట్లాడుకోవాలనీ ముందే కాగితం మీద రాసుకోండి. విప్పే పనివారిని మీరు తెచ్చుకుంటే వారి చేతిలో జరిగిన నష్టం మీది, అమ్మేవారు తెస్తే వారిది; ఈ మాట నోటితో అనుకుని వదిలేయకుండా అదే కాగితంలో చేర్చండి. విప్పకముందు ప్రతి అంచుకూ ప్రతి పలకకూ సుద్దముక్కతో అంకె వేసి, నాలుగు వైపులనుంచీ ఫొటోలు తీసి, బోల్టులన్నీ ఒకే సంచిలో వేసి లెక్కపెట్టుకున్నాక మిగిలిన డబ్బు చేతికి ఇవ్వండి.